కింది ముక్క

నా అంత తొందరపాటు మనిషి బోధన్‌లో ఇంకొకడు లేడని మా ఆవిడ స్నేహలత అంటుంది. ఆమె మాటల్లో నేను ఒప్పుకునేవి తక్కువ. ఆ శుక్రవారం తర్వాత దీన్ని మాత్రం కిక్కురుమనకుండా ఒప్పుకున్నాను.

మాది లేత్ పని. దుకాణం పేరు ఇషాక్ లేత్ వర్క్స్. ఇషాక్ మా ఉస్తాద్, నాకు పని నేర్పినాయన. ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడు దుకాణం నడిపేది ఆయన కొడుకు యాసిన్, నేను. షుగర్ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ దాని పనే మాకు సరిపోయేది. అది మూతపడ్డాక చెరుకురసం బండ్ల రోలర్లు, బెల్లం గానుగల బుష్‌లు, వరికోత మిషన్ల షాఫ్టులు, ఏది వస్తే అది చేస్తున్నాం.

మా దుకాణంలో ఒక రివాజు ఉంది. మేం చేయి పెట్టిన వస్తువు ఏదీ గుర్తు పడకుండా గడప దాటదు. పూర్వం ఎవడో చెడగొట్టిన సామాను తెచ్చి "మీ దగ్గరనే చేయించిన" అని కొట్లాటకు దిగేవాళ్లు. ఉస్తాద్ విసిగిపోయి, విరిగిపోయిన ఒక ఉక్కు గొట్టం అంచును సానబెట్టి పంచు చేశాడు. దాన్ని పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే చిన్న వంపు గీత పడుతుంది. సాయిబు గారి దుకాణం కాబట్టి చూసినవాళ్లంతా దాన్ని నెలవంక అన్నారు. ఉస్తాద్ నవ్వి ఊరుకునేవాడు. నిజానికి అది విరిగిన గొట్టం మూతి, అంతకు మించి ఏమీ కాదు. ఆ దెబ్బ వేయడం నా చేతికి ఎంత అలవాటైందంటే, పని అయిందని బుర్రకు తెలిసేలోపే చేయి సుత్తిని అందుకుంటుంది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం యాసిన్ నమాజుకు వెళ్లాడు. అప్పుడే రాజేష్ వచ్చాడు. అతనికి నిజామాబాద్‌లో మోటారు పంపుల సామాన్ల దుకాణం ఉంది, సొంతూరు కోటగిరి దగ్గర. పంపుల షాఫ్టులు మాతోనే చేయించేవాడు కాబట్టి బాగా ఎరిగిన మనిషే. సంచిలోంచి నాలుగు నల్లటి ముక్కలు తీసి బల్ల మీద పెట్టాడు.

"జెర గిది సూడు ఆత్మారామన్నా. పైది ఒక్కటి, కిందియి మూడు. దీనికి ఏది కూసుంటదో సమజయితలేదు."

"ఏందిర ఇది?"

"పందులను బెదిరించే మిషినన్నా. చెరుకుల పడి ఒక్క గడ గూడ మిగులనిస్తలెవ్వు. పైది ఒకని దగ్గర, కిందియి ఇంకొకని దగ్గర తెప్పించిన. ఒకని మాలు ఒకనిదానికి కలుస్తలేదు."

నాకు అది చాలు. రెండు ముక్కలు కలవడం లేదని ఎవరైనా అంటే నాకు అన్నం కూడా గుర్తుకు రాదు. మొదటిది పెట్టి చూశాను, వదులుగా లొడలొడలాడింది. రెండోది పట్టింది కానీ పిన్నుల రంధ్రాలు ఒకదానికొకటి ఎదురు రాలేదు. మూడోది కూర్చోబోయి ఒక మూల దగ్గర మొరాయించింది. ఆకురాయితో ఆ మూలను రెండుసార్లు తడిమి మళ్లీ నొక్కాను. తలుపు గడియలా చక్కగా కూర్చుంది.

ఆ ముక్కకు పిడి బిగించే చోటు ఉంది. వేలు దూరే సందు ఉంది. నా కళ్లు వాటిని చూశాయి, బుర్ర మాత్రం చూడలేదు. ఎంత బాగా కూర్చుందోనని మురిసిపోతూ ఉన్నాను. మురుస్తూనే పంచు పెట్టి ఒక దెబ్బ వేశాను.

రాజేష్ ముఖం మారిపోయింది. "గిదేంది? గుర్తెందుకు గొట్టినవ్?"

"మా దుకాణం రివాజు. తెల్వదా నీకు?"

అతను ఆ వంపు గీతను వేలితో తడిమాడు. తర్వాత మెల్లగా నవ్వాడు. "మంచిదే తియ్యన్నా" అని ముక్కలన్నీ సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

యాసిన్ వచ్చాక గొప్పగా చెప్పుకున్నాను. ఎలాంటి ముక్కో తెలియాలని బల్ల మీద సుద్దతో బొమ్మ గీసి చూపించాను. ఇది పైది, ఇది కిందిది, ఇక్కడ మొరాయించింది, ఇట్లా సర్దాను. యాసిన్ తల మీద టోపీ తీసి జేబులో పెట్టుకోబోతూ అలాగే ఆగిపోయాడు.

"అన్నా, గిది పందుల మిషిను గాదు."

"మరేంది?"

"రైఫిల్. మా పోరడు అజర్ ఫోన్ల ఆడే ఆటల గిట్లనే ఉంటది. కింది ముక్క ఏది కలుస్తదో సూసి పెట్టుకుంటడు వాడు. రోజు సూస్తున్న గద."

నేను నవ్వాను. అతను నవ్వలేదు. ఫోను తీసి ఏదో టైపు చేసి, ఒక బొమ్మ వచ్చాక నా ముందు పెట్టాడు. సుద్దతో నేను గీసింది, ఫోనులో ఉన్నది, రెండూ ఒకటే. స్టూలు మీద కూలబడ్డాను.

"ఫోను బంద్ చెయ్ యాసిన్. గిట్ల ఎతికినయన్ని ఎక్కడో రికార్డుల ఎక్కుతయంట."

"ఎక్కినట్టే గదన్నా. కొట్టి సూసిన గద" అన్నాడు. ఇద్దరం ఆ ఫోనును పామును చూసినట్టు చూశాం. నేనే దాని గొంతు నొక్కి సొరుగులో పడేశాను. తడి గుడ్డతో బల్ల మీది బొమ్మ తుడిచాను. తుడిచినకొద్దీ సుద్ద తెల్లగా పరుచుకుంటూ పోయింది.

"గుర్తు గొట్టినవా?" అని అడిగాడు యాసిన్.

నా ముఖం చూసి అతనికి అర్థమైంది. గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

"స్టేషన్‌కు పోయి చెప్తే అయిపాయె" అన్నాను. "రాజేష్ మోసం జేసిండు, మాకు తెల్వదు అని చెప్తా."

"నువ్వు చెప్పుడు మొదలువెడ్తవ్. ఆడ దాక బాగనే ఉంటది. గుర్తు ఎవలది అంటరు. గప్పుడేమంటవ్?"

"కొట్టింది నేను గద."

"కొట్టింది నువ్వే అన్నా. గుర్తు మాది" అన్నాడు యాసిన్. కోపంతో అనలేదు. కోపంతో అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

అతను భయపడింది ఏమిటో ఆ రోజు నుంచి నాకు పూసగుచ్చినట్టు తెలుసు. ఆ రైఫిల్ ఎక్కడో దొరుకుతుంది. దాని మీద నెలవంక ఉంటుంది. అది విరిగిన గొట్టం మూతి అని నేను ఎన్ని ఒట్లు పెట్టుకున్నా ఎవరు నమ్ముతారు? ఇషాక్ కొడుకు యాసిన్ ఇంటి ముందు జీపు ఆగుతుంది. టీవీలో అతని ముఖం వస్తుంది. తర్వాత నిర్దోషి అని తేలినా, అతని భార్య నసీమా, పిల్లలు ఆ వీధిలో తలెత్తుకుని నడవలేరు. ఇదంతా నా చేతి దురద వల్ల.

శనివారం, ఆదివారం మేమిద్దరం బతికిన బతుకు పగవాడికి కూడా వద్దు. టీ బండి దగ్గర ఖాకీ బట్టలు కనబడితే సగం షట్టరు దించేశాను. తీరా చూస్తే ఆర్టీసీ కండక్టరు, బిస్కెట్టు ముంచుకుని తింటున్నాడు. వాణ్ణి తిట్టుకున్నాను, వాడేం పాపం చేశాడని. యాసిన్ పంచును నూనె డబ్బాలో దాచాడు. దాచితే దొంగల్లా ఉంటామని మళ్లీ తీసి బల్ల మీద పెట్టాడు. బల్ల మీద ఉంటే చూసేకొద్దీ వణుకు వస్తోందని మళ్లీ దాచాడు. వాళ్ల పెద్దమ్మాయి ఇక్రా అన్నం డబ్బా తెస్తే గడప దగ్గరే తీసుకుని, లోపలికి రానీయకుండా పంపేశాడు. ఆ పిల్ల నా వైపు చూసి "ఏమైంది పెద్దనాయినా" అంది. నేను గిరక సరి చేస్తున్నట్టు తల వంచుకున్నాను.

రాజేష్‌కు ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదు. ఇక లాభం లేదని సోమవారం పొద్దున యాసిన్‌కు చెప్పాను. "నేను పోయి ఆ ముక్క తెస్త. ఎట్లనన్న తెస్త. తెచ్చి కరుగబెడ్త."

"ఇయ్యకుంటె?"

"ఇస్తడు" అన్నాను. ఎలా ఇస్తాడో నాకే తెలియదు.

బస్సు ఎక్కితే కిటికీ పక్కన సీటు దొరికింది. ఎడపల్లి దాటుతుంటే చెరుకు ట్రాక్టర్లు ఎదురయ్యాయి. మామూలుగా అయితే ఏ ట్రాక్టరు బేరింగు అరుస్తోందో చెవికి తెలిసిపోతుంది. ఆ రోజు నా చెవులకు ఏమీ వినబడలేదు. అబద్ధం ఏం చెప్పాలో కూర్చుకుంటూ పోయాను. నేను అబద్ధాలు ఆడలేనని కాదు, ఆడి దొరికిపోయే రకం. స్నేహలత దగ్గర ఒక్కసారి కూడా నెగ్గలేదు.

రాజేష్ దుకాణంలోనే ఉన్నాడు. నన్ను చూసి ముందు కంగారుపడ్డాడు, తర్వాత భుజం మీద చేయి వేసి వెనక గోడౌన్‌లోకి తీసుకెళ్లాడు. పంపుల అట్టపెట్టెల వెనక నుంచి గోనెపట్టా చుట్టిన దాన్ని తీసి విప్పాడు. ముక్కలుగా చూసినప్పుడు ముద్దొచ్చిన వస్తువే. మొత్తంగా చూసేసరికి ఒక అడుగు వెనక్కి వేశాను.

"ఎట్లుంది?" అన్నాడు, పెళ్లి బట్టలు చూపించినట్టు.

"పందులకా?"

"రెండు కాళ్ల పంది ఒకటున్నది. మా చిన్నాయిన కొడుకు బాపురావు. కాలువ మీది పొలంల నన్ను కాలు వెట్టనిస్తలేడు. సూపెడ్తె సాలు, భయపడతడు. కాల్చుడు దాక రాదు."

అతను దాన్ని భుజానికి ఆనించి, చెంప పెట్టి, ఒక కన్ను మూసి పైపుల కట్ట వైపు గురిపెట్టాడు. ఆ చెంప చూడగానే నాకు అబద్ధం దొరికింది.

"గట్ల చెంప వెట్టకు" అన్నాను. "గందుకే ఉరికొచ్చిన. గా కింది ముక్క పగిలింది. నా దెబ్బకే పగిలింది. పేలిస్తె నీ చెంపకే కొడ్తది."

అతను చప్పున దించాడు. కానీ అమాయకుడేమీ కాదు. "పగులు యాడుంది? నాకు కనవడ్తలేదు."

"కంటికి కనవడ్తె నేను బస్సెక్కి ఎందుకొస్త? డీజిల్ గుడ్డ తే. సుద్దముక్క తే."

ఇనుములో సన్నటి పగులు పట్టుకోవడానికి మేం చేసే పని ఇది. డీజిల్ రాసి తుడిచేస్తే పైన తడి పోతుంది, పగుల్లోకి ఇంకింది మాత్రం ఉండిపోతుంది. దాని మీద సుద్ద రుద్దితే కాసేపటికి లోపలి తడి పైకి వచ్చి నల్ల గీతలా కనబడుతుంది. అయితే పగులే ఉండాలని లేదు, లోతైన గీత ఏదైనా అలాగే కనబడుతుంది. రాజేష్ ముక్కను ఊడదీసి ఇచ్చాడు. నా చేతులు వణుకుతున్నాయి. వణుకుతున్నాయని అతను చూస్తున్నాడు. నా తప్పుకు భయపడుతున్నానని అనుకున్నాడేమో, అది నిజమే కూడా.

డీజిల్ రాశాను, తుడిచాను, సుద్ద రుద్దాను. ఇద్దరం దాని మీదికి వంగి నిలబడ్డాం. ఎంతకీ ఏమీ రాలేదు. అయిపోయానని అనుకున్నాను. మెల్లగా తెల్లటి సుద్దలో వంపు గీత నల్లబారింది. దాని కొస నుంచి, ఆ రోజు నా ఆకురాయి పెట్టిన గీరు కూడా వెంట్రుకలా తేలింది.

"సూసినవా" అన్నాను.

రాజేష్ తన చెంప తడుముకున్నాడు. "మిగిలినయి రెండు దీనికి కూసోవంటివి. ఇప్పుడెట్ల?"

"దీన్ని సూసి ఇంకోటి తయారు జేస్త. ఇచ్చెయ్."

ఇచ్చాడు. గుమ్మం దాకా వచ్చి మెల్లగా అన్నాడు. "తొందరగ తే అన్నా. ఇంకొకటి చెప్తున్న, యాది పెట్టుకో. నాకేమన్న అయితె ముందుగాల మీ దుకాణంకే వస్తరు. గుర్తు మీదే."

శుక్రవారం నాడు ఎందుకు నవ్వాడో అప్పుడు అర్థమైంది. వాడి మెడ మీద నాలుగు తగిలించాలనిపించింది. ఏం చేయగలను, తల ఊపి బస్టాండు దారి పట్టాను.

తిరుగు బస్సులో ముక్కను అన్నం డబ్బా సంచిలో, రొట్టెల గుడ్డ కింద పెట్టుకున్నాను. పొద్దున అది ఎక్కడో ఉందన్న భయం, ఇప్పుడు నా ఒళ్లోనే ఉందన్న భయం. ఎడపల్లి దగ్గర బస్సు ఆపి ఒక కానిస్టేబుల్ ఎక్కాడు. గుట్కా మూటల కోసం చూస్తున్నాడట. నా దగ్గర ఆగి సంచిని లాఠీతో తట్టాడు. ఖంగుమంది.

"ఏముంది?"

"గానుగ సామాను సార్. లేత్ దుకాణం మాది."

నా చేతులకు ఎప్పుడూ వదలని నల్ల మడ్డి చూసి ముందుకు వెళ్లాడు. అతను దిగిపోయాక కూడా నా చొక్కా వీపుకు అతుక్కునే ఉంది. పక్కన కూర్చున్న ముసలమ్మ నీళ్ల సీసా ఇచ్చింది. తాగుతుంటే సగం మీద పోసుకున్నాను.

బోధన్‌లో దిగి దుకాణానికి పరుగులాంటి నడక నడిచాను. ముక్కను ముందు యాసిన్‌కు చూపించాలి, తర్వాత పక్క సందులో హన్మండ్లు కొలిమిలో పడేసి ముద్ద చేయాలి. కానీ షట్టరు మూసి ఉంది. దాని ముందు మెట్టు మీద నసీమా కూర్చుని ఉంది. ఆమె ఎప్పుడూ దుకాణం దాకా రాదు.

"భయ్యా, ఆయన స్టేషన్‌కు పోయిండు" అంది.

"ఎవలన్న వచ్చి తీస్కపోయిండ్రా?"

"ఎవలు రాలే. మీరు బస్సెక్కినంక ఇంటికొచ్చిండు. స్నానం జేసి, ఉతికిన బట్టలేసుకున్నడు. వాళ్లు ఇంటికొచ్చి తీస్కపోతె పిల్లలు సూస్తరు, నేనే నడ్సుకుంట పోత అన్నడు. జరిగింది జరిగినట్టు చెప్తడంట." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని నా సంచి వైపు చూసింది. "అది దొరికిందా?"

"దొరికింది."

"కరుగబెడ్తరా?"

హన్మండ్లు కొలిమి ఊదుతున్న చప్పుడు అక్కడికి వినబడుతోంది. పది అడుగులు వేస్తే చాలు, గుర్తు పోతుంది, నా వేలిముద్రలు పోతాయి, అంతా పోతుంది. కానీ యాసిన్ వెళ్లి అంతా చెప్పేశాడు. ముక్క ఏదని అడిగితే ఏం చూపిస్తాడు? మాయం చేశారంటారు. రాజేష్ తనకేం తెలియదంటాడు. పైగా ఇవాళ కాకపోతే రేపు ఇంకో ముక్క తెప్పించుకుని, బాపురావు అనే మనిషి మీదికి పోతాడు. కొలిమిలో వేస్తే నేను బయటపడతాను, యాసిన్ మునుగుతాడు.

నిజం చెప్పాలంటే, ఇంత తెలిసినా నా కాళ్లు కొలిమి వైపే రెండు అడుగులు వేశాయి. అంత భయంగా ఉంది నాకు. నసీమా ఆపలేదు, అడగలేదు, చూస్తూ ఉంది. నేనే ఆగి, స్టేషన్ దారి పట్టాను.

యాసిన్ లోపల గోడ పక్క బెంచీ మీద ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మడిచిన టోపీ. నన్ను చూడగానే అతని ముఖంలో మిగిలిన కాస్త రంగు కూడా పోయింది.

"నువ్వెందుకొచ్చినవన్నా" అన్నాడు. "ఒక్కన్ని సాలనా? ఇద్దరం ఈన్నే ఉంటే దుకాణం ఎవలు తెరుస్తరు?"

ఎస్సై కుర్రాడే. గట్టిగా మాట్లాడే మనిషి కూడా కాదు. "మీరేనా ఆత్మారాం? ఇతను అంతా చెప్పాడు. అది ఎవరు బిగించారంటే మాత్రం నోరు విప్పడం లేదు. దుకాణంలో జరిగింది అంటాడు, అంతే."

నేను సంచి విప్పి, రొట్టెల గుడ్డ తీసి, ముక్కను బల్ల మీద పెట్టాను. "బిగించింది నేను సార్. శుక్రవారం యాసిన్ నమాజుకు వోయిండు. ఈ ముక్కను ఇతను ఇప్పటి దాక కంటితోని సూడనే లేదు." తర్వాత రాజేష్ గోడౌన్ గురించి, గోనెపట్టా గురించి, కాలువ పొలం గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఎస్సై మధ్యలో ఆపి ఎవరికో ఫోను చేసి, నిజామాబాద్‌కు మనుషులను పంపమన్నాడు. నాకు ఊపిరి ఆడింది. ఇంతేనా, దీనికేనా ఇంత భయపడ్డాం అనుకున్నాను.

అతను ముక్కను దీపం కిందికి తిప్పి చూశాడు. సుద్ద ఇంకా అంటుకునే ఉంది. తెలుపులో ఆ వంపు గీత కొట్టొచ్చినట్టు కనబడుతోంది.

"ఈ గుర్తు ఎవరిది?"

మామూలు ప్రశ్నే. అతని గొంతులో ఏ మార్పూ లేదు. కానీ చెప్పాల్సింది ఉస్తాద్ పేరు. ఆ పేరు మా బోర్డు మీద ఉంది, మా బిల్లుల మీద ఉంది. ఏ ఊరు పోయినా, నేను ఫలానా ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నానని ఛాతీ విరిచి చెప్పుకునే పేరు. నాకు అన్నం పెట్టిన పేరు.

"దుకాణం గుర్తు సార్" అన్నాను. "ఊకెనే, ఒక గీత. ఎవలదీ గాదు."

"ఎవరో ఒకరు మొదలుపెట్టి ఉంటారు కదా?"

"పాతది సార్. యాదికి లేదు."

యాసిన్‌ను కాపాడుతున్నాననే అనుకున్నాను. బెంచీ కిర్రుమంది. అతను లేచి నిలబడ్డాడు.

"మా అబ్బాది సార్" అన్నాడు. "ఆయన పేరు ఇషాక్. ఈ అన్నకు పని నేర్పింది గూడ ఆయననే."

నా వైపు చూడకుండానే చెప్పాడు. ఎస్సై రాసుకున్నాడు. నన్ను కూడా కూర్చోమన్నాడు. నేను వెళ్లి బెంచీ మీద యాసిన్ పక్కన కూర్చున్నాను. అతను చోటు ఇస్తున్నట్టుగా కొంచెం ఎడంగా జరిగాడు. బెంచీ మీద చోటు బోలెడంత ఉంది.